ఎర్రగీత సమరం అను బుంగమూతి అలక తీర్చిన కథ

సకల కాగితాలకూ ప్రాణం పోసే ఓ రబ్బరు స్టాంపూ! నీలిసిరా మెత్త మీద పవళించి, అధికారిగారి బొటనవేలు ఊగగానే మేల్కొని, ఒక్క దెబ్బతో మనిషిని లోపలికో బయటికో తోసేసే ఓ గుండ్రని మహాశయా! కాసేపు నా పక్షాన ఉండు. నేను పాడబోయేది రాజ్యాలు కూలిన కథ కాదు. ఇందులో ఏనుగులు లేవు, రథాలు లేవు, రక్తం ఒక్క చుక్క కూడా చిందలేదు. ఒక మోకాలు మాత్రం కొంచెం దోక్కుపోయింది. అయినా ఆ ఉదయం ఎదురెదురుగా నిలిచిన రెండు పంతాలను తలుచుకుంటే ఇప్పటికీ నా కలం గజగజ వణుకుతుంది. కలం అరిగిపోయిన మాట కూడా నిజమే.

అది ఒకానొక సోమవారం. సహస్రకిరణుడు ఎదుటి మేడ మీది నీళ్ళ ట్యాంకు చాటు నుంచి ఇంకా పూర్తిగా బయటపడలేదు. సముద్రాలకు ఆవల, ఒక పట్టణంలో, బట్టలుతికే దుకాణానికీ తాళాలు బాగుచేసే కొట్టుకూ నడుమ, పసుపుపచ్చ గేటుతో, గోడపొడవునా బుల్లి బూట్ల అరలతో, గాలి కొట్టినప్పుడల్లా జిగురూ పాలూ కలిసిన వాసనతో ఒక పిల్లలబడి విరాజిల్లుతోంది. ఆ బడిలో, మోకాలెత్తు కుర్చీల మధ్య, ద్వావింశతి బాల నాసికా మార్జన ధురంధర, చిత్రపటకార్డు ధారిణి, జిగురులిప్త హస్త అయిన మా పిన్ని నిలబడి ఉంది.

ఇరవై ఇద్దరు పిల్లల ముక్కులు తుడవడంలో ఆరితేరిన మనిషి అని దాని అర్థం.

మా పిన్ని మా అమ్మకు ఆఖరి చెల్లెలు. నలుగురిలో మాట్లాడమంటే కొంగు అంచు వేలికి చుట్టుకునే రకం. బాబాయి ఉద్యోగం వెంట ఆ దేశం వెళ్ళి, పదకొండు నెలలు నాలుగో అంతస్తు కిటికీ దగ్గర కూర్చుంది. సాయంత్రం బాబాయి వచ్చి, "ఇవాళ ఏం చేశావు?" అని అడిగితే, "నూట పన్నెండు బస్సులు వెళ్ళాయండీ," అని చెప్పింది. మర్నాడు నూట తొమ్మిది. ఆ మర్నాడు బాబాయి అడగడం మానేశాడు. అటువంటి మనిషికి ఈ బడిలో ఇంగ్లీషు టీచరు పని దొరికింది. అప్పటినుంచి బస్సులు వాటంతటవే వెళ్తున్నాయి.

కానీ ఆ దేశంలో పరదేశీయులు పసిపిల్లలకు ఇంగ్లీషు చెప్పడమంటే మాటలు కాదు. ఏడు ద్వారాలు దాటాలి. మొదటి ద్వారం దగ్గర డిగ్రీ కాగితం అడిగారు. చూపింది. ఆ కాగితం నిజమైనదేనని చెప్పే ఇంకో కాగితం తెమ్మన్నారు. తెచ్చింది. ఆ రెండో కాగితం మీది స్టాంపు నిజమైనదేనని మూడో స్టాంపు కొట్టించమన్నారు. కొట్టించింది. రెండో ద్వారం దగ్గర, పుట్టి బుద్ధెరిగాక ఏ దొంగతనమూ చేయలేదని పోలీసుల దగ్గర రాయించుకు రమ్మన్నారు. మూడో క్లాసులో తను మా అమ్మ బలపాల డబ్బా కొట్టేసిన సంగతి పోలీసులకు ఎవరూ చెప్పలేదు కాబట్టి అదీ దొరికింది. మూడో ద్వారం దగ్గర ఊపిరితిత్తులకు ఫోటో తీశారు. నాలుగో ద్వారం దగ్గర ముఖానికి. ఆ ఫోటోలో రెండు చెవులూ కనబడాలట. మొదటి ఫోటోలో ఎడమ చెవి జుట్టు చాటుకు నక్కింది. రెండో ఫోటోలో రెండు చెవులూ బుద్ధిగా వచ్చాయి కానీ పిన్ని నవ్వింది. నవ్వకూడదట. మూడో ఫోటోలో పిన్నిని చూస్తే పిల్లలబడికి కాదు, కారాగారానికి వెళ్ళబోతున్న మనిషిలా ఉంది. అదే బాగుందని ఒప్పుకున్నారు. మిగతా మూడు ద్వారాలూ వర్ణించానంటే మీరు లేచి వెళ్ళిపోతారు. కాబట్టి దాటించేస్తున్నాను.

ఇంతా చేస్తే చేతికి వచ్చింది అరచేతంత అనుమతి కార్డు. దాని వెనక చీమతలకాయలంత అక్షరాల్లో షరతులు. పరదేశి టీచరు పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు. ఆ దేశపు తోడుటీచరు ఒకరు గదిలో ఉండి తీరాలి. కార్డు మీద ఏ ఇంటి నంబరు ఉందో ఆ నంబరులోనే ఇంగ్లీషు చెప్పాలి. గుమ్మం దాటితే చెప్పకూడదు. తప్పిందని అధికారి ఒక్క వాక్యం రాశాడా, కార్డు రద్దు. రెండేళ్ళ దాకా మళ్ళీ అడిగే వీలు లేదు.

ఇక్కడే కథకు ముడి పడింది. బడి నడిపే పెద్దటీచరమ్మ మొదట తొమ్మిదో నంబరు ఇల్లు తీసుకుంది. కార్డు మీద అదే ఎక్కింది. తరువాత పిల్లలు ఆడుకోవడానికి చోటు చాలక పక్కనున్న పదకొండో నంబరు ఖాళీస్థలం తీసుకుని, నడుమ గోడకు తలుపు కోయించింది. గోడలో సందు పడింది కానీ నంబర్లు మాత్రం కలవలేదు. పిన్నికి ముందు పనిచేసిన టీచరు ఒకాయన ఆ ఖాళీస్థలంలో నిలబడి, కొమ్మ మీది పిట్టను చూపించి "బర్డ్" అన్నాడట. పిల్లలు "బర్డ్" అన్నారట. గేటు దగ్గర నిలబడిన అధికారి రాసుకున్నాడట. నెల తిరక్కుండానే ఆ టీచరు కూడా పిట్టలాగే ఎగిరిపోయాడు. ఆ దెబ్బతో పెద్దటీచరమ్మ పెయింటు డబ్బా తెచ్చి, గుమ్మం మీద అడ్డంగా, బెత్తెడు వెడల్పున ఎర్రగీత గీయించింది. గీతకు ఇవతల ఇంగ్లీషు రాజ్యం. అవతల ఇంగ్లీషు గప్‌చుప్.

సరే, అవతల ఆ దేశం మాట మాట్లాడవచ్చు కదా అంటారేమో. పిన్నికి ఆ మాట బాగానే వచ్చు, పెద్దవాళ్ళతో అదే మాట్లాడేది. కానీ పెద్దటీచరమ్మ ఒప్పందంలో ఇంకో షరతు ఉంది. "పిల్లలతో మాత్రం మన మాట ఒక్కటి కూడా మాట్లాడకమ్మా. మాట్లాడావంటే వాళ్ళు ఇంగ్లీషు ఎందుకు నేర్చుకుంటారు? తల్లిదండ్రులు నా పీకమీద కూర్చుంటారు," అని మొదటిరోజే చెప్పింది. కాబట్టి ఎర్రగీత దాటిన మరుక్షణం మా పిన్ని మూగది. జారుడుబల్ల దగ్గర చేతులతో, తాడు ఉయ్యాల దగ్గర కనుబొమ్మలతో మాట్లాడేది. వాళ్ళు అక్కడ మాట్లాడుకున్నదంతా నేనిక తెలుగులోనే చెబుతాను.

ఇరవై రెండోది బుంగమూతి. ఆ పేరు పిన్ని పెట్టిందే. నాలుగేళ్ళది, రెండు పిలకలది, ఎప్పుడూ ఎవరిమీదో ఒకరిమీద అలిగి ఉండేది. ఆ పిల్ల రోజూ పొద్దున్నే ఖాళీస్థలం గుండా పరుగెత్తుకొచ్చి, ఎర్రగీతకు అవతల బూటు మొనలు ఆనించి నిలబడి, "గుడ్ మార్నింగ్ టీచర్!" అని కేక పెట్టేది. పిన్ని ఇవతల నుంచి, "గుడ్ మార్నింగ్!" అనేది. అప్పుడు గాని ఆ పిల్ల గీత దాటేది కాదు. గృహప్రవేశం చేసే పెద్దముత్తైదువలాగా కుడికాలు ముందుపెట్టి మరీ వచ్చేది.

ఆ సోమవారం సాయంత్రంతో పిన్ని కార్డు గడువు ముగుస్తుంది. ఇంకో ఏడాది పొడిగించాలంటే తనిఖీసారు వచ్చి ఇరవై నిమిషాలు పాఠం చూడాలి. చూశాక స్టాంపు వేయాలి. పదకొండింటికి ఆయన ఇంకో బడికి వెళ్ళాలి. అంటే పదీ నలభైకల్లా పాఠం మొదలై తీరాలి.

వచ్చాడు తనిఖీసారు! నూట నలభై పుటల నియమావళిని కుడిచంకన ధరించి, నల్లసంచీని ఎడమభుజాన వేలాడదీసి, చొక్కాజేబులో మూడు పెన్నులను అమ్ములపొదిలో బాణాల్లా నిలబెట్టి, గీతకు ఇవతల మోకాలెత్తు కుర్చీ మీద ఆసీనుడయ్యాడు. ఆసీనుడైన వెంటనే ఆయన మోకాళ్ళు చెవులను తాకాయి. చెడ్డవాడేమీ కాదు. నీళ్ళు ఇచ్చిన తోడుటీచరుకు "అయ్యో, మీకెందుకమ్మా శ్రమ," అన్నాడు. కానీ ఆ గ్లాసును నియమావళి మీద మాత్రం పెట్టలేదు.

సరిగ్గా అప్పుడే ఖాళీస్థలం నుంచి బుల్లి బూట్ల టపటప వినిపించింది.

"గుడ్ మార్నింగ్ టీచర్!"

పిన్ని నోరు తెరిచింది. తెరిచిన నోటికి ఎదురుగా పెద్దటీచరమ్మ కళ్ళు కనిపించాయి. గీతకు అవతల పిల్ల, ఇవతల అధికారి. వద్దు, వద్దు, వద్దు అని ఆ కళ్ళు మూడుసార్లు చెప్పాయి. పిన్ని గొంతులో పుట్టిన ఆ రెండు మాటలూ గొంతులోనే ఆగిపోయాయి. చెయ్యి ఊపింది. నవ్వింది.

"గుడ్ మార్నింగ్ టీచర్!" ఈసారి ఇంకా గట్టిగా.

పిన్ని మళ్ళీ చెయ్యి ఊపింది.

అంతే. ఆకాశం చీలలేదు, భూమి బద్దలు కాలేదు, కానీ ఒక కింది పెదవి మాత్రం మెల్లమెల్లగా బయటికి వచ్చింది. రెండు పిలకలు వెనుదిరిగాయి. ఖాళీస్థలం మూలన పిల్లలు పాకి ఆడుకోవడానికి పడేసిన సిమెంటు గొట్టం ఒకటి ఉంది. పెద్దవాళ్ళ భుజాలు అందులో పట్టవు. ఆ దుర్భేద్య దుర్గంలోకి బుంగమూతి నాలుగు కాళ్ళ మీద ప్రవేశించి, మధ్యలో చతికిలబడి, మోకాళ్ళు కావలించుకుంది.

"మొదలుపెట్టండి," అన్నాడు తనిఖీసారు, గేటు దగ్గరే టిక్కులు పెట్టేసిన హాజరుపట్టీ చూస్తూ. "ఇరవై రెండు టిక్కులు ఉన్నాయి. ఇరవై ఒక్కమందే కనిపిస్తున్నారు?"

"ఇంకో పాప బయట ఆడుకుంటోంది సార్. వచ్చేస్తుంది," అంది పెద్దటీచరమ్మ.

"టిక్కు పడిన ప్రతి బిడ్డా గదిలో ఉంటేనే తనిఖీ చెల్లుతుంది."

"పోనీ ఆ టిక్కు చెరిపేద్దామా సార్? రబ్బరుంది."

"పెన్నుతో పెట్టారు మేడమ్," అన్నాడాయన, చాలా బాధగా.

గడియారంలో పదీ పది. మొదటి దండయాత్ర తోడుటీచరుది. తోక ఊడిన గుడ్డ ఏనుగును ముందు నడిపించుకుంటూ ఆమె గొట్టం ముఖద్వారం చేరి, "చూడు చూడు, ఏనుగు నిన్ను పిలుస్తోంది!" అంది. లోపలి నుంచి ఎడమకాలి బూటొకటి అస్త్రమై దూసుకొచ్చింది. అది ఏనుగుకు తగలలేదు. ఆమె కళ్ళజోడుకు తగిలి, అక్కడినుంచి కుళాయి కింది తొట్టిలో పడి మునిగిపోయింది. ఆమె వంకర కళ్ళజోడుతో గీత దగ్గరికి వచ్చి పిన్నితో, "అక్కా, నా వల్ల కాదు. అది నీ మీద అలిగింది. నువ్వు పలకరించలేదట," అంది.

రెండో దండయాత్ర స్వయంగా పెద్దటీచరమ్మది. "బంగారం, ఇవాళ గంట నువ్వే కొడుదువుగాని. రేపు కూడా నువ్వే. వారమంతా నువ్వే!"

"నాకు గంట వద్దు."

"మరేం కావాలి తల్లీ?"

"గుడ్ మార్నింగ్ కావాలి. టీచరే చెప్పాలి. నన్ను చూసి కూడా చెప్పలేదు. నేను రెండుసార్లు చెప్పాను!"

ఆ చివరి మాట దగ్గర గొట్టం లోపల గొంతు వణికింది.

పెద్దటీచరమ్మ రొప్పుతూ వచ్చి, "సార్, ఒక్క గుడ్ మార్నింగే కదా. అదేమైనా పాఠమా? పలకరింపు. చెప్పేయమంటారా?" అంది.

తనిఖీసారు నియమావళి తెరిచాడు. వేలు తడుపుకున్నాడు. పుటలు తిప్పాడు. రణరంగంలో శంఖం పూరించే యోధుడిలా ఒకసారి గొంతు సవరించుకుని చదివాడు.

"పద్దెనిమిదో నిబంధన, నాలుగో ఉపనిబంధన. విదేశీయుడు ఇంగ్లీషు భాషలో ఒక మాట పలికి, బాలుడు లేక బాలిక దానిని తిరిగి పలికిన యెడల, అది బోధన అనబడును." పుస్తకంలోంచి తలెత్తాడు. "మీ పిల్లలు తిరిగి అంటారా?"

"ఎందుకనరు సార్?" అంది తోడుటీచరు గర్వంగా. "టీచరు తుమ్మినా తిరిగి తుమ్ముతారు!"

పెద్దటీచరమ్మ ఆమె కాలు తొక్కింది. అప్పటికే ఆలస్యమైంది.

"పోనీ, మా టీచరు గీతకు ఇవతలే నిలబడి చెబుతుంది సార్. నోరు తొమ్మిదో నంబరులోనే ఉంటుంది కదా?"

తనిఖీసారు ఆలోచనలో పడ్డాడు. అటువంటి ప్రశ్న ఆయన ఉద్యోగజీవితంలో ఎవరూ వేయలేదు. "నోరు ఇవతల ఉంది. చెవి అవతల ఉంది," అన్నాడు. "పాఠం ఎక్కడ జరిగినట్టు? చెవి దగ్గరే కదమ్మా జరిగినట్టు. చెవి పదకొండో నంబరులో ఉంది."

పదీ ఇరవై నాలుగు.

అప్పుడు మా పిన్ని లేచింది. ఆమె హృదయాంతరాళంలో ఇలా గర్జించింది: "ఓ నియమావళీ! నూట నలభై పుటల నీ కుక్షిలో నా నాలుకను బంధించితివి గాక, నా పాదములను బంధింపగలవా? మూడు స్టాంపుల మహారణ్యమును దాటినదానను, రెండు చెవులను లోకమునకు చూపినదానను, నవ్వక ఫోటో దిగినదానను, బెత్తెడు రంగుగీతకు వెరతునా? అదిగో, ఆ గొట్టములో నా ఇరవై రెండవ బిడ్డ కన్నీరు పెట్టుచున్నది. కిటికీ చెంత కూర్చుండి బస్సులు చూచుచు బ్రతుకుట కన్న, ఈ గీత మీద పోరి ఓడుటయే మేలు!"

పైకి మాత్రం కొంగు వేలికి చుట్టుకుంటూ, "సార్, నేను అటు వెళ్ళొచ్చాండీ?" అంది.

"వెళ్ళొచ్చమ్మా. కాళ్ళకు నిషేధం లేదు. నోటికే."

దాటింది! ఇరవై ఒక్కమంది పిల్లలు గీత వెంబడి బారులు తీరి, చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిన్ని గొట్టం దగ్గర మోకాళ్ళ మీద కూలబడి లోపలికి తొంగిచూసి, రెండు చేతులతో రమ్మని సైగ చేసింది. బుంగమూతి చూసింది. చూసి, పిర్రల మీదే గిర్రున తిరిగి వీపు చూపించింది. పిన్ని లేచి పరుగున గొట్టం చుట్టూ తిరిగి రెండో ద్వారం దగ్గర మోకరిల్లి చెవులు పట్టుకుంది. పిల్ల మళ్ళీ ఇటు తిరిగింది. పిన్ని మళ్ళీ ఇటు పరుగెత్తింది. మోకాలు దోక్కుపోయింది ఇక్కడే. మూడోసారికి పిల్ల తిరగడం మానేసి గట్టిగా కళ్ళు మూసుకుంది. మూసిన కళ్ళకు సైగలేం కనిపిస్తాయి? మా పిన్ని ఆయుధాలన్నీ ఒక్కసారిగా నిర్వీర్యమయ్యాయి.

పదీ ముప్పై మూడు. గీత దగ్గర తనిఖీసారు పెన్ను మూత తీశాడు.

ఇంగ్లీషు మాట్లాడితే కార్డు పోతుంది. ఆ దేశం మాట మాట్లాడితే ఒప్పందం పోతుంది. రెండింటి నడుమ, సిమెంటు గొట్టానికి నుదురు ఆనించి కూర్చున్న పిన్నికి తన నోట్లో ఇంకో నాలుక ఉందన్న సంగతి గుర్తొచ్చింది. అందరికన్నా ముందు తనకు వచ్చిన నాలుక. దాన్ని ఏ కాగితం మీదా ఎవరూ అడగలేదు.

కానీ గుడ్ మార్నింగ్‌ను తెలుగులో ఏమంటారు? శుభోదయం అంటారు. ఎవరంటారు? రేడియోవాళ్ళు అంటారు, మైకు పట్టుకున్నవాళ్ళు అంటారు. పొద్దున లేచి ఇంట్లో ఎవరైనా ఎవరితోనైనా ఆ మాట అన్నారా? పిన్నికి పుట్టిన దగ్గరనుంచి ఒక్కసారి కూడా ఎవరూ శుభోదయం చెప్పలేదు. మరి పొద్దున్నే వాళ్ళమ్మ ఏమనేది? దుప్పటి లాగుతూ ఏమనేది?

పిన్ని గొట్టంలోకి తల పెట్టి, చిన్నగా, ఇంట్లో మాట్లాడినట్టే అంది: "లేచావా తల్లీ? మొహం కడుక్కున్నావా? ఏమన్నా తిన్నావా?"

గొట్టం ఆ మాటను గుండ్రంగా తిప్పి లోపలికంటా పంపింది.

ఒక కన్ను తెరుచుకుంది.

బుంగమూతికి అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ టీచరు గీతకు ఇటువైపు మాట్లాడటం ఆ పిల్ల ఎన్నడూ వినలేదు. పైగా అది పాఠం గొంతు కాదు. రెండో కన్నూ తెరుచుకుంది.

"ఏంటది?" అంది.

"తిన్నావా?" అని పిన్ని అయిదు వేళ్ళూ కలిపి నోటి దగ్గర పెట్టుకుంది.

పిల్ల చుట్టూ చూసి, రహస్యం చెప్పేదానిలా ముందుకు జరిగింది. "పాలు తాగాను. రొట్టె కుర్చీ కింద పడేశాను. అమ్మకు చెప్పకు."

పిన్ని చెప్పనన్నట్టు నోటికి వేలితో తాళం వేసింది. అంతలో వెనకనుంచి, గీత మీద నుంచి, ఇరవై ఒక్క కంఠాల తుములఘోష చెలరేగింది.

"తిన్నావా! తిన్నావా! తిన్నావా!"

తనిఖీసారు తటాలున లేచాడు. మోకాలెత్తు కుర్చీ ఆయనతోపాటే లేచింది. దాన్ని వెనకనుంచి తోడుటీచరు లాగుతుండగా, "తిరిగి అన్నారు! అందరూ తిరిగి అన్నారు! ఇది బోధనే!" అని కేక వేశాడు.

"అది ఇంగ్లీషు కాదండీ," అంది పిన్ని గొట్టంలోంచి తల తీస్తూ. జుట్టు నిండా దుమ్ము.

"మరేమిటది?"

"మా ఇంట్లో మాట్లాడే మాటండీ. కావాలంటే మా అక్కకు ఫోన్ చేసి అడగండి. ఆవిడకు ఇంగ్లీషంటే పడదు."

తనిఖీసారు నియమావళిని గాలిపటంలా రెండు చేతులా పట్టుకుని పుటలు తిప్పాడు. ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకు. "ఇంగ్లీషు భాషలో ఒక మాట పలికి..." అని గొణిగాడు. "ఇంగ్లీషు అనే రాశారు. తక్కినవాటి గురించి... ఏమీ రాయలేదు."

"నా ఒప్పందంలో మన భాష వద్దని రాశాను," అంది పెద్దటీచరమ్మ, మొహం వెలిగిపోతుండగా. "ఇది మన భాష కూడా కాదుగా సార్!"

పదీ ముప్పై ఏడు. గొట్టంలోంచి ముందు రెండు పిలకలు, తరువాత ఒక మేజోడు, ఒక బూటు బయటపడ్డాయి. పిన్ని చెయ్యి పట్టుకుని బుంగమూతి కుంటుకుంటూ నడిచి వచ్చింది. గీత దగ్గరికి వచ్చింది. గీత మీదికి వచ్చింది. గీత మీదే ఆగిపోయింది.

"ఇప్పుడేమైందే అమ్మా?" అంది పెద్దటీచరమ్మ ఏడుపు గొంతుతో.

బుంగమూతి అందరి మొహాలూ వరసగా చూసింది. కాపలావాళ్ళను లెక్క చూసుకునే మహారాణిలా వేలు చాపి, "వాళ్ళందరూ అన్నారు. ఆయన అనలేదు," అంది.

వేలు తనిఖీసారు వైపు ఉంది.

"నేనా? నేను... నేను అధికారినమ్మా!"

"అనాలి."

పదీ ముప్పై ఎనిమిది. తనిఖీసారు నియమావళి వైపు చూశాడు. అది ఏ సాయమూ చేయలేదు. అధికారులు బిడ్డలను పలకరించరాదని గాని, పలకరించవలెనని గాని ఆ నూట నలభై పుటల్లో ఎక్కడా లేదు. బతుకులో మొదటిసారి ఆయన పుస్తకం లేకుండా నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. ఆయన నుదుటి మీద చెమట బిందువులు ముత్యాల్లా మెరిశాయి. మెల్లగా వంగి, ఆ పిల్ల ఎత్తుకు మొహం దించి, "తిన్... నావా?" అన్నాడు.

బుంగమూతి ఆ ఉచ్చారణను పరిశీలించింది. అంత గొప్పగా ఏమీ లేదు. అయినా క్షమించింది. కుడికాలు, అంటే బూటున్న కాలు, ముందు పెట్టి గీత దాటింది.

పదీ ముప్పై తొమ్మిది! ఆ ఒక్క నిమిషం మిగులును చరిత్ర గుర్తుంచుకోవాలి. గీత ఇవతలకు వచ్చీ రాగానే పిన్ని గుండెల నిండా గాలి పీల్చుకుని, పొద్దుటినుంచి గొంతులో ఆగి ఉన్న ఆ రెండు మాటలనూ విడుదల చేసింది. "గుడ్ మార్నింగ్!" ఇరవై ఒక్కమంది గోడలు అదిరేలా బదులిచ్చారు. బుంగమూతి మాత్రం పిన్ని కొంగు పట్టి లాగి, "ఇంగ్లీషులో తర్వాత. ముందు అదే అను," అంది.

తరువాతి ఇరవై నిమిషాలూ ఎర్రబంతి, నీలం బంతి, ఒకటి నుంచి పది. అందులో వీరగాథకు పనికొచ్చేదేమీ లేదు. ఒక పిల్లవాడు ఏడు తరువాత తొమ్మిది అన్నాడు, అంతే. స్టాంపు పడింది. నీలిసిరా ఇంకా ఆరకముందే పెద్దటీచరమ్మ ఆ కార్డును గాలికి ఊపుతూ గదిలో మూడు చుట్లు తిరిగింది. తోడుటీచరు తొట్టిలోంచి బూటు తీసి, నీళ్ళు ఒంపి, కిటికీలో ఎండబెట్టింది. తనిఖీసారు రాసిన నివేదికలో రెండే వాక్యాలు: "పదకొండో నంబరు స్థలంలో ఇంగ్లీషు బోధన జరగలేదు. ఒక బూటు తడిసింది."

పదకొండు కొట్టగానే ఆయన సంచీ సర్దుకుని, దగ్గరిదారని ఖాళీస్థలం గుండా గేటు వైపు నడిచాడు. సాగనంపడానికి పిన్ని వెనకే వెళ్ళింది. జారుడుబల్ల పక్కన ఆయన ఆగాడు. వెనక్కి తిరిగి, పెన్నులు సరిచేసుకుని, నసిగాడు.

"ఇందాకటి మాట... దాని అర్థం ఏమిటమ్మా?"

"ఏమన్నా తిన్నారా అని సార్."

"పొద్దున్నే అదే అడుగుతారా మీరు?"

"అదే అడుగుతామండీ."

ఆయన ఆ ఉదయం ఆరింటికే ఇల్లు వదిలి, మూడు బడులు తిరిగిన మనిషి. "అడిగితే జవాబు ఎలా చెప్పాలి?"

"తింటే 'తిన్నాను' అనాలి సార్. లేకపోతే 'తినలేదు' అనాలి."

"తినలేదు," అన్నాడు తనిఖీసారు, పిన్ని వెంట, ఒక్కొక్క అక్షరం జాగ్రత్తగా. మళ్ళీ ఇంకోసారి, ఈసారి కాస్త బాగా: "తినలేదు."

వినండి, ఓ జనులారా! అనుమతి లేని పదకొండో నంబరు స్థలంలో, పట్టపగలు, ఒక పరదేశి ఒక మాట పలికింది. సాక్షాత్తూ అధికారే దాన్ని రెండుసార్లు తిరిగి పలికాడు. అది బోధన అనబడును. ఎవరూ రాసుకోలేదు. మా పిన్ని లోపలికి పరుగెత్తి, తన డబ్బాలోంచి రెండు బిస్కెట్లు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. అటుపిమ్మట ఆ మహావీరుడు నియమావళి మీద పొడి రాలకుండా దాన్ని రెండో చంకకు మార్చుకుని, నములుతూ, పసుపుపచ్చ గేటు దాటి నిష్క్రమించెను. ఎర్రగీత మీద విజయధ్వజం మా పిన్నిదే!